డిప్పర్ ఎవరి కోసం?

మొన్న రంజాన్ పండుగకు మా భాంజా షికాగో నుంచి వచ్చాడు. అందరికీ తలా ఒక తోహ్ఫా తెచ్చాడు. అమ్మీకి బీపీ చూసుకునే మిషన్, ఆపాకు చేతి గడియారం, నాకు పెన్ను. వాళ్ల అబ్బాకు, అంటే మా దూల్హే భాయ్‌కి, అరచేతిలో పట్టే నల్ల డబ్బా ఒకటి.

"అబ్బా, యే రాడార్ డిటెక్టర్ హై. అద్దానికి తగిలించుకోండి. ముందు పోలీసు మిషన్ ఉంటే ఇదే కూస్తుంది. ఇక చాలాన్ల గోల ఉండదు" అన్నాడు.

దూల్హే భాయ్ ముఖం వెలిగిపోయింది. దమ్మామ్‌లో పద్దెనిమిదేళ్లు ట్రైలర్ నడిపి వచ్చిన మనిషి ఆయన. ఇప్పుడు సొంత ఎర్టిగా. బోధన్, ఎడపల్లి, వర్ని చుట్టుపక్కల నుంచి గల్ఫ్ పోయేవాళ్లను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపడం, వచ్చేవాళ్లను ఇళ్లకు చేర్చడం ఆయన రోజీ. ఓవర్‌స్పీడ్ చాలాన్ ఒక్కొక్కటి 1,035 రూపాయలు. వెయ్యి జుర్మానా, 35 యూజర్ చార్జీ. డీజిల్, టోల్, చాయ్ పోను ఒక ట్రిప్పులో మిగిలేది ఎంతో, ఈ చాలాన్ కూడా దాదాపు అంతే. రెండు వందల కిలోమీటర్లు పోయి, రెండు వందల కిలోమీటర్లు వచ్చి, పొద్దున ఫోన్ చూసుకుంటే మెసేజ్. రాత్రంతా ముఫ్త్‌గా పనిచేసినట్టే.

అందుకే ఆయన్ని చూసి నవ్వాలనిపించలేదు. కానీ నేను అఖ్బార్‌వాలాను. ఏదైనా చేతికిస్తే తిప్పి చూడకుండా ఉండలేను. "మియా, నువ్వే చదివి చెప్పు, ఇది పనికొస్తుందా లేదా" అని దూల్హే భాయ్ నాకే అప్పగించాడు. చదివాను, అడిగాను, బండిలో కూర్చుని చూశాను. హకీకత్ ఏమిటో చెబుతాను.

ముందు ఆ డబ్బా ఏం చేస్తుందో తెలుసుకోవాలి. రాడార్ గన్ రేడియో తరంగాలను వదులుతుంది. అవి బండికి తగిలి వెనక్కి వస్తాయి. బండి ఎదురొస్తుంటే తిరిగొచ్చే తరంగాల ఫ్రీక్వెన్సీ కొంచెం పెరుగుతుంది. ఆ ఫర్ఖ్‌ను లెక్కగట్టి వేగం చెబుతుంది. రైలు దగ్గరికొస్తుంటే కూత సన్నగా, దాటిపోతుంటే లావుగా వినిపిస్తుంది కదా, అదే సంగతి. 1842లో డాప్లర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఇది. ఈ తరంగాలు టార్చిలైటు వెలుతురులాగా పరుచుకుంటూ పోతాయి. మూడు వందల మీటర్లు పోయేసరికి రోడ్డునంతా, పక్క చేనును కూడా కప్పేస్తాయి. పోలీసు మనకంటే ముందు పోతున్న బండిని కొలుస్తుంటే, చిందిన తరంగాలు వెనక ఉన్న మన దాకా వస్తాయి. డిటెక్టర్ వాటిని పట్టుకుని కూస్తుంది. అమెరికాలో దీనికి ఫాయిదా ఉండటానికి కారణం అదే. అక్కడ చాలా చోట్ల పోలీసులు ఇప్పటికీ రాడార్ వాడుతున్నారు.

మన రోడ్ల మీద పోలీసులు ట్రైపాడ్‌పై నిలబెట్టేవి, ఇంటర్‌సెప్టర్ బండిలోంచి చూపించేవి ఎక్కువగా లేజర్ గన్‌లు. రాడార్ టార్చిలైటు అయితే లేజర్ సూది. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణం అది. మూడు వందల మీటర్ల దూరంలో కూడా దాని వెడల్పు సుమారు ఒక మీటరే. పోలీసు దాన్ని సూటిగా నంబర్ ప్లేట్ మీదికి గురిపెడతాడు. అర సెకను కూడా పట్టదు, వేగం తెలిసిపోతుంది, ఫోటో పడిపోతుంది. ముందు బండి మీద పడిన కిరణం మన దాకా చిందదు. మన బండి మీద పడినా తగిలేది కింద ప్లేట్‌కు. డబ్బా ఉన్నది పైన అద్దానికి. ఒకవేళ డబ్బాకు కూడా తగిలి అది కూసిందే అనుకోండి. అప్పటికి చాలాన్ తయారైపోయింది. అది హెచ్చరిక కాదు, ఖబర్.

అన్నీ లేజరే అని నేను అనను. స్తంభాలకు బిగించిన కెమెరాల్లో రాడార్‌తో పనిచేసేవీ ఉన్నాయి. కానీ అవి ఉన్నచోటి నుంచి కదలవు. రెండుసార్లు పోయినవాడికి ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. గూగుల్ మ్యాప్స్ చూపిస్తుంది. దానికి షికాగో డబ్బా అక్కర్లేదు.

ఒక శుక్రవారం జుమా అయ్యాక ముగ్గురం కలిసి హైదరాబాద్ బయలుదేరాం. దూల్హే భాయ్ స్టీరింగ్ దగ్గర, భాంజా పక్కన, నేను వెనక. డిచ్‌పల్లి దగ్గర 44వ నంబర్ హైవే ఎక్కామో లేదో డబ్బా కూయడం మొదలుపెట్టింది. దూల్హే భాయ్ గట్టిగా బ్రేక్ కొట్టాడు. వెనక లారీవాడు హారన్ మోగించి తిట్టుకుంటూ పోయాడు. చూస్తే పోలీసు లేడు. పక్కనుంచి దాటిన కొత్త కారు తప్ప ఇంకేమీ లేదు. కొత్త కార్లకు వెనక పక్కల్లో వచ్చే బండ్లను కనిపెట్టే చిన్న రాడార్‌లు ఉంటాయి. వాటిలో కొన్ని పోలీసు రాడార్ వాడే 24 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. కామారెడ్డి దాటాక ఒక హోటల్ ముందు ఆగితే మళ్లీ కూత. ఆ హోటల్‌కు మనిషి రాగానే తెరుచుకునే అద్దాల తలుపు ఉంది. అందులో కూడా రాడారే.

దూల్హే భాయ్ నవ్వుతూ, "బేటా, నీ డబ్బా దర్వాజాలను పట్టుకుంటోంది" అన్నాడు.

రామాయంపేట దాటాక చెట్టు నీడలో ట్రైపాడ్ పెట్టుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు. డబ్బా కిక్కురుమనలేదు. మూడో రోజు మెసేజ్ వచ్చింది. పోర్టల్‌లో ఫోటో చూశాం. బోర్డు ప్రకారం 80, మన బండి 97. ఫోటో ఎంత సాఫ్‌గా ఉందంటే అద్దానికి వేలాడుతున్న తస్బీహ్, దాని పక్కన నల్ల డబ్బా రెండూ కనిపిస్తున్నాయి.

కానూన్ సంగతి కూడా ఒక మాట. ఇల్లినాయిస్‌లో మామూలు కారుకు ఈ డబ్బా పెట్టుకోవచ్చు. అదే అమెరికాలో వర్జీనియాలో పెట్టుకోకూడదు. వాషింగ్టన్ డీసీలోనూ కూడదు. పెద్ద వాణిజ్య లారీల్లో అయితే దేశమంతా నిషేధమే. ఎమిరేట్స్‌లో నేరం. కాబట్టి సెలవుకు వచ్చినవాళ్లు ఎవరైనా దీన్ని మళ్లీ గల్ఫ్ పట్టుకుపోవాలనుకుంటే వద్దని చెప్పండి. తరంగాలను చెడగొట్టే జామర్ అయితే అసలు వేరే మామలా. దాన్ని మన దేశంలో ఇజాజత్ లేకుండా పెట్టుకోవడమే జుర్మ్.

ఇంతవరకు విని మీలో డ్రైవర్లు అయినవాళ్లు, "అయితే చాలాన్లన్నీ ఇంసాఫేనా?" అని అడుగుతారు. అడగాలి కూడా. చెట్టు చాటున నిలబడటం ఏమిటి, బోర్డు లేనిచోట ఎంత వేగమో ఎవడికి తెలుసు అనే షిక్వా ఊరికే పుట్టలేదు. దానికి జవాబు కూడా కానూన్‌లోనే ఉంది. 2021లో కేంద్ర మోటార్ వాహన నిబంధనల్లో 167ఏ అనే నిబంధన చేర్చారు. దాని ప్రకారం కెమెరా, స్పీడ్ గన్ వంటివి వాడే రోడ్డు భాగానికి ముందు అందరికీ కనిపించేలా హెచ్చరిక బోర్డు ఉండాలి. ఆ మిషన్‌కు సరిగ్గా పనిచేస్తోందన్న సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ప్రతి ఏటా కొత్తగా తీసుకోవాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. చాలాన్ తప్పనిపిస్తే ఆ ఫోటో తీసుకుని ఎదురు అడగడం మన హక్. కూసే డబ్బా కంటే ఈ నాలుగు మాటలు తెలిసి ఉండటం ఎక్కువ పనికొస్తుంది.

కానీ మనం ఆ దారిన పోవడం లేదు. డిస్కౌంట్ కోసం ఎదురుచూస్తున్నాం. 2022 మార్చిలో పాత చాలాన్లకు బైకుల మీద 75 శాతం, కార్ల మీద 50 శాతం మాఫీ ఇచ్చారు. 2023 డిసెంబర్ చివరిలో మళ్లీ బైకులకు 80, కార్లకు లారీలకు 60 శాతం. అప్పటినుంచి "రుకో మియా, మళ్లీ ఆఫర్ వస్తుంది" అనడం అలవాటైంది. చాలాన్ అనే లఫ్జ్ మన జబాన్‌లోంచే పోయింది. పంపించడం, రవానా చేయడం అని దాని అసలు అర్థం. ఇప్పుడు అది ఈద్ సేల్‌లో బట్టల ధరలాగా అయింది. ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తున్నాం తప్ప, ఎందుకు వచ్చిందో చూడటం లేదు.

ఎందుకు వచ్చిందో చెప్పే లెక్క ఒకటి ఉంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. అందులో 71 శాతం మరణాలకు కారణం అతివేగమని అదే నివేదిక రాసింది. అఖ్బార్‌లో పనిచేసేవాడికి ఇలాంటి అంకెలు రోజూ కళ్ల ముందు నుంచి పోతుంటాయి. ఆగవు. మా మొహల్లా పిల్లవాడి జనాజా భుజాన మోసిన రోజు ఆగాయి.

ఇరవై ఆరేళ్లవాడు. వాడిదీ ఎయిర్‌పోర్ట్ డ్రాప్ పనే. దిగేవాళ్లను దింపి ఖాళీగా తిరిగొస్తున్నాడు. ఫజర్‌కు కొంచెం ముందు. నిజామాబాద్ దాటి బోధన్ రోడ్డు మీద చెరకు ట్రాలీ ఒకటి టైరు పంక్చరై ఆగి ఉంది. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ లేదు. ట్రాలీ నుంచి వెనక్కి పొడుచుకొచ్చిన చెరకు గడలు నేరుగా అద్దంలోకి వచ్చాయి. అసర్ తర్వాత దఫన్ చేశాం. వాడి ఫోన్‌లో డ్రైవర్ల వాట్సాప్ గ్రూప్ తెరిచే ఉంది. చివరి మెసేజ్‌లు ఏమిటో వాళ్ల భాయ్ చూపించాడు. "తూప్రాన్ దగ్గర మామ ఉన్నాడు." "మేడ్చల్ క్లియర్." మామ అంటే పోలీసు.

ఆ రాత్రి పోలీసు ఎక్కడున్నాడో పదిమంది చెప్పారు. ట్రాలీ ఎక్కడుందో ఒక్కరూ చెప్పలేదు. అదే రోడ్డు మీద దాన్ని దాటి వచ్చినవాళ్లు ఉండే ఉంటారు కదా!

మన హైవే మీద అసలైన రాడార్ డిటెక్టర్ ఏమిటో మీకు తెలుసు. డిప్పర్. ఎదురొచ్చే బండి రెండుసార్లు లైటు ఆర్పి వెలిగిస్తే ముందు చెకింగ్ ఉందని అర్థం. ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడు మన 1,035 రూపాయలు కాపాడతాడు. అందులో ఒక హమ్‌దర్దీ ఉంది, కాదనను. కానీ నిజాంసాగర్ నీళ్లు పారే మన ఊళ్లలో కోతల కాలం వస్తే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రి వాటిమీద నల్ల తాడిపత్రి కప్పుతారు. అటువంటి కుప్ప ముందుందని మీకు ఎవరైనా డిప్పర్ కొట్టారా? చెరకు సంగతి చూడండి. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక మన చెరకు దూరపు మిల్లులకు పోవలసి వచ్చింది. దారి ఎంత పెరిగితే లైట్లు లేని ట్రాలీ అంత ఎక్కువసేపు చీకట్లో రోడ్డు మీద ఉంటుంది. దాని గురించి గ్రూప్‌లో మెసేజ్ ఎందుకు రాదు? పోలీసు మన జేబులోంచి వెయ్యి తీసుకుంటాడు. వడ్ల కుప్ప ఏం తీసుకుంటుందో ఆ పిల్లవాడి అమ్మీని అడగాలి.

ఈ వేగంతో మిగిలేది ఎంతో కూడా చూద్దాం. డిచ్‌పల్లి నుంచి మేడ్చల్ దాకా సుమారు 130 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా 80లో పోతే 98 నిమిషాలు. 100లో పోతే 78. తేడా ఇరవై నిమిషాలు. టోల్ దగ్గర లైను, చాయ్ కోసం ఆగడం కలిపితే ఆ ఇరవై కూడా చేతిలో మిగలవు. ఇప్పుడు రెండో వైపు. 80లో ఉన్నప్పుడు అడ్డం కనిపించి, కాలు బ్రేక్ మీదికి పోయి, బండి ఆగేసరికి మంచి టైర్లు, పొడి రోడ్డు అయితే దాదాపు 57 మీటర్లు. 100లో దాదాపు 83. డిమ్ లైట్ వెలుతురు పడేది ఏ యాభై, అరవై మీటర్లో. అంటే 80లో పోయేవాడు ట్రాలీని చూసి ఇంచుమించు ఆగగలడు. 100లో పోయేవాడు చూడగలడు, ఆగలేడు. ఈ ఒక్క లెక్క దూల్హే భాయ్‌కి కాగితం మీద వేసి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ఆయన అన్న మాట ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం.

"మియా, నాకు 100లో పోవాలని షౌక్ ఏమీ లేదు. సౌదీలో సాహిర్ కెమెరాలు వచ్చాక నేనే సీదా నడిపాను. ఇక్కడ నన్ను ఎవరు తోలుతున్నారో తెలుసా? మీరే. రాత్రి రెండు గంటలకు ఫ్లైట్. ఎనిమిదికి బయలుదేరదాం అంటారు. ఎనిమిదికి దస్తర్‌ఖాన్ వేస్తారు. తొమ్మిదికి ఖాలా వస్తుంది, ఫుప్పు వస్తుంది, ఇమామ్ జామిన్ కడతారు, ఏడుపులు. పదిన్నరకు బండి ఎక్కి, 'భాయ్, జల్దీ చలో, ఫ్లైట్ పోతుంది' అంటారు. పోయిన ఆ రెండున్నర గంటలు నేను ఎక్కడినుంచి తేవాలి? రోడ్డు మీదనుంచే కదా."

2010లో సౌదీలో మొదలైన ఆ కెమెరాల వ్యవస్థ పేరు సాహిర్. నిద్రపోకుండా మేల్కొని ఉండేది అని అర్థం. కెమెరా మేల్కొని ఉంటుంది సరే. ఇంట్లో మనం మేల్కోవద్దా? పోయేవాడి అఖామా, వీసా, టికెట్ ఖర్చు, తీర్చాల్సిన కర్జ్ అంతా ఆ ఫ్లైట్ మీద ఉంటుంది. అది తప్పితే ఎంత నుక్సానో మన జిల్లాలో ఏ ఇంటినడిగినా చెబుతారు. కాబట్టి భయం నిజమే. కానీ ఆ భయాన్ని గుమ్మం దగ్గర గంటలకొద్దీ మరిచిపోయి, బండెక్కాక డ్రైవర్ భుజం మీద పెడుతున్నాం. బండిలో ఉన్నది మన అమానత్. మన కొడుకు, మన అల్లుడు, వాడితోపాటు ఇంకొకరి ఇంటి రోజీ అయిన ఆ డ్రైవర్. సఫర్ దువా చదివి బయలుదేరతాం, మంచిదే. ఒంటెను కట్టేసి ఆపైన తవక్కుల్ చేయమన్న సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అర్ధరాత్రి హైవే మీద ఒంటెను కట్టడమంటే ఎనిమిదికి అనుకున్న బండిని ఎనిమిదికే కదిలించడం.

ఇక డబ్బుల లెక్క. మంచి రాడార్ డిటెక్టర్ అమెరికాలో నాలుగైదు వందల డాలర్లు. ఆ డబ్బుతో ఎర్టిగాకు నాలుగు కొత్త టైర్లు వేసి, బ్రేక్ ప్యాడ్లు మార్చి, లైట్లు సరిచేయించినా ఇంకా మిగులుతుంది. స్పీడ్ కెమెరాలను, వేగ పరిమితిని ఫోన్‌లో మ్యాప్ ముఫ్త్‌గా చూపిస్తుంది. మన దేశంలోనే తయారైన మ్యాపుల్స్ అనే యాప్ అయితే స్పీడ్ బ్రేకర్లను, ప్రమాదాలు ఎక్కువగా జరిగే మలుపులను కూడా ముందే చెబుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ముందే చూసుకోండి. అక్కడ 2023 నుంచి గరిష్ఠ వేగం 120. కానీ అది కుడివైపు రెండు లేన్లలోనే. ఎడమవైపు లేన్లలో 80 నుంచి 100. లేన్ తెలియక కట్టే చాలాన్‌ను ఏ డబ్బా ఆపదు.

నన్నడిగితే, మన ప్రాంతంలో మామూలుగా బండి నడుపుకునేవాడికి రాడార్ డిటెక్టర్ పైసా పనికిరాదు. అది పోలీసును కనిపెట్టలేకపోవడం చిన్న కారణం. కనిపెట్టాల్సింది పోలీసును కాకపోవడం పెద్ద కారణం.

దూల్హే భాయ్ వాళ్ల గ్రూప్‌లో ఈమధ్య కొత్త మెసేజ్‌లు మొదలయ్యాయి. మొదటిది ఆయనే పెట్టాడు. "ఎడపల్లి దాటాక ఎడమ పక్క వడ్ల కుప్ప, లైటు లేదు, ధ్యాన్‌సే." మొదట్లో కొందరు నవ్వారట. ఇప్పుడు వారంలో నాలుగైదు వస్తున్నాయి. గన్నా ట్రాలీ, ఆగిన లారీ, రోడ్డు మీద పశువులు. పోలీసు ఖబర్లు కూడా వస్తూనే ఉన్నాయి, అవి ఆగిపోతాయని నేను అనుకోను.

మీ మొహల్లాలో నౌజవాన్లు ఉంటే ఒక పని చెప్పండి. ఎర్ర రేడియం స్టిక్కర్ రోల్ ఒకటి కొని, కోతలు మొదలయ్యేలోపు ఊళ్లో ట్రాలీల వెనక అంటించమనండి. రైతు ఎవరని, ఖౌమ్ ఏదని చూడకండి. చీకట్లో దాన్ని చూడాల్సింది ఎవరి కొడుకో మనకు తెలియదు. ఈ రాత్రి మీ ఇంటినుంచి ఎవరైనా ఎయిర్‌పోర్టుకు పోతుంటే, ఏడుపులు, దువాలు అన్నీ మగ్రిబ్‌కే ముగించండి. డ్రైవర్ భాయ్‌కి మొదట అన్నం పెట్టండి. బండి కదిలేటప్పుడు "జల్దీ చలో" అనే మాట ఎవరి నోటా రానివ్వకండి.